మాట మోసే మనిషి

పొద్దున ఆరున్నరకు దంతాలపల్లి సెంటర్‌లో హోటల్ ముందర బెంచీ మీద కూర్చుంటే, వరంగల్–ఖమ్మం రోడ్డు మీద తొర్రూరు నుంచి వచ్చే బండ్లు, మరిపెడ దిక్కు పోయే బండ్లు అన్నీ కనబడతాయి. ఆ బెంచీ కొసన రెండు ఫోన్లు, సంకలో బైండు చేసిన పొడుగాటి రిజిస్టరు పెట్టుకుని చాయ్ తాగే మనిషిని నేను ఏండ్ల తరబడి చూశాను. ఊరంతా ఆయన్ను పీఏ సారు అంటుంది. నాకు వరుసకు అన్న. మండల ఆఫీసులో గుమస్తాగా మొదలుపెట్టి, డిప్యుటేషన్ మీద పక్క నియోజకవర్గంలో ఒక ప్రజాప్రతినిధి దగ్గర చాలాకాలం పీఏగా పనిచేశాడు. ఎవరి దగ్గరో రాయనని ఆయనకు మాట ఇచ్చాను. ఆయన పేరూ రాయను. ఆయన పని గురించి మాత్రం రాస్తాను.

జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మ లేపే చేతుల గురించి ఎందరో మెచ్చుకుంటూ రాశారు. ఒక అర్జీని ఎట్లా వింటారో, ఒక సిఫారసు లెటర్‌ను ఎట్లా కడతారో రాసినవాళ్లను నేను చూడలేదు. అదీ చేతిపనే అని నా నమ్మకం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడనే సామెత ఇప్పుడు గుళ్ల కంటే ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుల గేట్ల దగ్గర ఎక్కువ వినబడుతుంది. వరమివ్వని పూజారుల సంగతి అందరికీ తెలుసు. ఇచ్చిన వరం దారిలో చెడిపోకుండా ఇంటిదాకా తెచ్చే పూజారి కూడా ఉంటాడు. అతనికి ఎంత నేర్పు కావాలో నేను దగ్గర కూర్చుని చూశాను.

ముందు మా తావు సంగతి చెప్పాలి. దంతాలపల్లి 2016 అక్టోబర్ 11న మండలమైంది. అంతకుముందు నర్సింహులపేట మండలంలో ఒక ఊరు, జిల్లా వరంగల్. ఇప్పుడు తహసీల్దారు ఊళ్లోనే, ఆర్డీవో తొర్రూరులో, కలెక్టరు మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో. ఓటు డోర్నకల్ అసెంబ్లీకి, మహబూబాబాద్ పార్లమెంటుకు. రెండూ ఎస్టీ రిజర్వుడు స్థానాలే. డోర్నకల్ అంటే అటు కొసనున్న రైల్వే జంక్షన్. మావాళ్లలో ఆ ఊరితో పనిపడేవాళ్లు తక్కువ. పెద్ద దవాఖాన వరంగల్ ఎంజీఎం, అదీ దాటితే హైదరాబాద్ నిమ్స్. కాయితం ఒక చోట, సంతకం ఒక చోట, పైసలు ఇంకో చోట. పాలేరు వాగు దాటి వచ్చే ముసలమ్మకు ఈ ఆఫీసులన్నీ కలిపి ఒకటే మాట: "సారును కలవాలె." మా పక్క నియోజకవర్గాల్లోనూ ఇదే తీరు. ఆ ఒక్క మాటను విప్పి, ఏ ముక్క ఏ ఆఫీసుకు పోవాలో పంచడంతో పీఏ పని మొదలవుతుంది.

ఎవరైనా వస్తే మన ఆఫీసుల్లో మొదట పడే ప్రశ్న "ఏం పని?" అనే. మా అన్న ఎప్పుడూ అట్లా అడగగా నేను వినలేదు. "ఎప్పుడు బయల్దేరినవవ్వా?" అంటాడు. మొదట్లో మర్యాదకు అడుగుతున్నాడనుకున్నాను. కొన్నాళ్లు పక్కన కూర్చున్నాక తెలిసింది, ఆ జవాబుతోనే సగం అర్జీ ఆయన చదివేస్తాడు. తెల్లారగట్ల నాలుగింటికి లేచి వచ్చిందంటే దవాఖాన సంగతో, పోలీస్ స్టేషన్ సంగతో అయి ఉండాలి. నిన్ననే వచ్చి బిడ్డ ఇంట్లో పడుకుని తీరుబాటుగా వచ్చిందంటే పింఛనో, ఇంటి స్థలమో. ఆటో మాట్లాడుకుని వచ్చిందంటే అప్పు చేసి వచ్చింది. ఇక ఆమెను సాయంత్రం దాకా కూర్చోబెట్టకూడదు. ఆ తర్వాత అడిగేది ఇంకొకటి: "సార్ హైదరాబాద్ పోయిండు, ఎల్లుండి వస్తడు. నాకు చెప్తవా, సారుకే చెప్తవా? నీ ఇష్టం." ఆ "నీ ఇష్టం" అన్నప్పుడు ఆయన గొంతులో తొందర ఉండదు. కొందరికి పని కంటే ముఖ్యం సారు మొహం చూసి చెప్పుకోవడం. వాళ్లను ఆపి "నాకు చెప్తే చాలు" అన్న పీఏ అక్కడే వాళ్లను పోగొట్టుకుంటాడు.

కాయితం చేతికివ్వగానే ముందు దాన్ని తిప్పి వెనుక పక్క చూస్తాడు. ముందు పక్క ఉండేది రాయించినవాడి భాష: సవినయ మనవి, నిరుపేద కుటుంబం, తమరి దయ. వెనుక ఉండేది ఆ కాయితం చరిత్ర. ఏ ఆఫీసులో ఏ తారీఖున ముద్ర పడింది, మూలన పెన్సిలుతో ఎవరు ఏం రాశారు, ఎన్నిసార్లు మడిచారు. మడతల దగ్గర చిరిగిపోయిన కాయితం చూస్తే అన్న మొహం మారిపోయేది. "ఇది నాలుగు ఆఫీసులు తిరిగింది. మళ్లా ఇంకో ఆఫీసుకు తోలితే మనం కొత్తగ చేసిందేముంది?" అనేవాడు.

ఇక ఆ రిజిస్టరు. ఎర్ర పెన్నుతో కొట్టుకున్న నాలుగు గడులు: తారీఖు, మనిషి–ఊరు, పని, మళ్లీ ఎప్పుడు. మొదటి మూడూ ఏ ఆఫీసు రిజిస్టరులోనైనా ఉంటాయి. నాలుగో గడి మా అన్న సొంతం. అందులో ఒక వారమో, తారీఖో ఉంటుంది: "గురువారం ఏఈకి ఫోన్". "15 తర్వాత ఆమెకే ఫోన్, పని అయినా కాకున్నా". నేను చూసినంతలో ఆ గడి ఖాళీగా ఉన్న వరుస లేదు. రోజూ పొద్దున బెంచీ మీద చాయ్ తాగుతూ చేసే మొదటి పని ఆ నాలుగో గడిని వెనక్కు పేజీలు తిప్పుతూ చదువుకోవడం. ఆ రోజు వారం ఎక్కడెక్కడ కనబడితే అక్కడ పెన్సిలుతో చుక్క. అర్జీదారు తిరిగి రాకముందే అన్న ఫోన్ పోవాలి. అది ఆయన పెట్టుకున్న నియమం.

సిఫారసు లెటర్ దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ పనిలో అసలు నగిషీ అక్కడే ఉంది. బయటివాళ్లకు ఎమ్మెల్యే లెటర్‌ప్యాడ్ మీద రాసిన కాయితాలన్నీ ఒకటే. ఆఫీసులో వాటిని చదివేవాళ్లకు కావు. వాళ్లు చూసేది చివరి మాట. "పరిశీలించగలరు" అని ముగిస్తే చూసి ఫైలులో పెడతారు. "నిబంధనల మేరకు తగు చర్య తీసుకోగలరు" అంటే, రూలు ఒప్పుకుంటే చేయండి, లేకుంటే మా మీద ఒత్తిడి లేదు అని. "తగు చర్య తీసుకుని నాకు తెలియజేయగలరు" అంటే జవాబు రాయక తప్పదు. ఈ మూడో రకం అన్న నెలకు నాలుగైదు మించి రాయడు. "రోజూ రాస్తే దాని పదును పోతది తమ్మీ" అన్నాడొకసారి. కత్తిని ఎప్పుడు తీయాలో తెలిసినవాడి మాట అది.

లెటర్‌లో మొదటి వాక్యంలోనే కాయితం నంబరు రావాలి. భూమి సంగతయితే సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు. ఇంటి సంగతయితే దరఖాస్తు నంబరు. ఒక లెటర్‌లో ఒకటే పని. అన్నదమ్ములిద్దరూ కలిసి వచ్చి పాసుపుస్తకం, పింఛను రెండూ అడిగితే రెండు లెటర్లు రాస్తాడు, ఎందుకంటే ఆ రెండూ రెండు బల్లల మీదికి పోతాయి. జాలి మాటలు రాయడు. "నిరుపేద" అనే మాట ఆయన లెటర్లలో నేను చూడలేదు. దాని బదులు రేషన్ కార్డు నంబరు ఉంటుంది. టైపు చేశాక గట్టిగా చదివి వినిపిస్తాడు, చదువురాని మనిషికైనా సరే. "నువ్వు చెప్పింది ఇదేనా?" అని అడిగి, అవునన్నాకే సంతకానికి పెడతాడు. ఒక్కోసారి కాదంటారు. భూమి తగాదా సొంత అన్నతో అనుకుని రాస్తే, అసలు తగాదా మేనబావతో అని అప్పుడు బయటపడుతుంది.

అన్నింటికీ లెటరే మందు కాదని కూడా ఆయనకు తెలుసు. యాసంగిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రాతకోతలు ముట్టడు. ముందు ఏఈకి ఫోన్ చేస్తాడు, ఎన్ని మోటార్లు ఆగినయో, వరి ఏ దశలో ఉందో చెప్తాడు. లెటర్ మరుసటి రోజు పోతుంది, రికార్డు కోసం. తిరుమల దర్శనం లెటర్లకు మాత్రం పెద్దగా నేర్పు అక్కర్లేదు: ఒక లెటర్ మీద ఆరుగురికి మించి పోరు, ఆధార్ నంబర్లు తప్పు పడొద్దు, అంతే. 2025 మార్చి 24 నుంచి తెలంగాణ ప్రజాప్రతినిధుల లెటర్లను టీటీడీ మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టాక, ఆ పని మానేసిన అన్నకు కూడా ఫోన్లు వస్తున్నాయి.

ఈ కొలువు మనకు కొత్తది కాదు. పాత తెలుగులో దీనికి చక్కని మాట ఉంది: రాయసం. రాజు నోటితో అన్నదాన్ని విని ఆజ్ఞాపత్రంగా రాసేవాడు. విజయనగర కాలంలో అదొక పెద్ద ఉద్యోగం. కృష్ణదేవరాయల కొలువులో రాయసం కొండమరుసు సేనలు నడిపేదాకా ఎదిగాడు. ఆ ఉద్యోగం కొన్ని కుటుంబాలకు ఇంటిపేరై ఇప్పటికీ నిలిచింది. రాజు అన్న మాటకు, తాటాకు మీదికెక్కిన మాటకు మధ్య ఒక మనిషి చేయి ఉంది. ఆ చేయి ఒక అక్షరం పెంచినా, తగ్గించినా రాజ్యంలో ఎక్కడో ఒక ఊరి పన్ను మారిపోతుంది.

ఆ చేయి ఎంత బరువు మోస్తుందో చెప్పడానికి మన దేశ చరిత్రలో యశ్‌పాల్ కపూర్ సంగతి కంటే పెద్ద ఉదాహరణ నాకు కనబడదు. ఇందిరా గాంధీ దగ్గర ఏండ్ల తరబడి పనిచేసిన సహాయకుడు, ప్రధానమంత్రి సచివాలయంలో ఆఫీసర్ ఆన్ స్పెషల్ డ్యూటీ. 1971 ఎన్నికల్లో రాయబరేలీలో ఆమె కోసం పనిచేయడానికి జనవరి 13న రాజీనామా ఇచ్చాడు. దాన్ని 14 నుంచే అమలయినట్టు ఆమోదిస్తూ నోటిఫికేషన్ వచ్చింది జనవరి 25న. ఆ నడుమ పన్నెండు రోజులు ఆయన ప్రభుత్వోద్యోగా, కాదా? ఆమె చేతిలో ఓడిన రాజ్‌నారాయణ్ వేసిన కేసులో 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు జడ్జి జగ్‌మోహన్‌లాల్ సిన్హా, ఉద్యోగే అన్నారు. ఆమె ఎన్నిక చెల్లదనడానికి ఆయన చూపిన రెండు కారణాల్లో అదొకటి. రెండోది, సభల వేదికలు కట్టడానికీ మైకుల కరెంటుకూ యూపీ అధికారులను వాడుకోవడం. పదమూడు రోజులకు ఎమర్జెన్సీ వచ్చింది. ఆ తర్వాత చట్టాన్నే సవరించారు. నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆమె ఎన్నికను నిలబెట్టింది. అంత జరిగినా, మొదట్లో ఉన్నది ఒక సహాయకుడి రాజీనామా కాయితం మీది తారీఖు. ఈ సంగతి నేను చెప్పినప్పుడు అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తారీఖు చూసుకోలే" అన్నాడు. నిందగా అనలేదు, తోటి పనివాడికి దెబ్బ తగిలినప్పుడు బాధపడ్డట్టే అన్నాడు.

ఆయన తారీఖులు ఎట్లా చూస్తాడో నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా నాయినకు గుండె ఆపరేషన్ అయింది, ఒక ప్రైవేటు దవాఖానలో. ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకుందామని డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సులు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసుకుని అన్న దగ్గరికి పోయాను. నా మట్టుకు నాకు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన బల్ల మీద వాటిని పేకముక్కల్లాగా పరిచాడు. ఆధార్‌ను, డిశ్చార్జ్ సమ్మరీని పక్కపక్కన పెట్టి వేలు పెట్టి చూపించాడు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. దవాఖాన కాయితంలో ఒక్క అక్షరమే ఉంది, అదీ తప్పు అక్షరం. తర్వాత బిల్లులు ఒక్కొక్కటే తిప్పుతూ పైమూలన ఇన్‌పేషెంట్ నంబరు కలుస్తుందా చూశాడు. మందుల బిల్లుల తారీఖులు చేరిన రోజుకూ, ఇంటికి పంపిన రోజుకూ మధ్యలో ఉన్నాయా చూశాడు. ఒక బిల్లు మీద దవాఖాన ముద్ర లేదు.

"ఇవి సరిచేయించుకొని రా."

నేను మొహం చిన్నబుచ్చుకున్నాను. మళ్లీ హైదరాబాద్ పోవాలి.

"ఇప్పుడు రెండు రోజులు పోతయ్ తమ్మీ. ఇట్లనే పంపిస్తే ఆర్నెల్లు పోతయ్. ఆఖరుకు వాపసు వస్తది. అప్పుడు ఆ దవాఖానల నీ మొహం గుర్తుపట్టేటోడు కూడ ఉండడు."

పోయాను, సరిచేయించుకుని వచ్చాను. కౌంటర్లో కూర్చున్నతను రెండు గంటలు తిప్పించి చేసిచ్చాడు. అర్జీ పైకి పోయాక దవాఖానకు విచారణ వస్తుందనీ, కాయితంలో ఉన్న పేరు, నంబరు వాళ్ల రికార్డులో దొరక్కపోతే అక్కడే ఆగిపోతుందనీ అప్పుడు నాకు తెలియదు. 2024లో సహాయ నిధికి నకిలీ బిల్లులు పెట్టారని సీఐడీ దవాఖానల మీద కేసులు పెట్టినప్పుడు అన్న చూపు నాకు మళ్లీ గుర్తొచ్చింది. ఆ ఏడాది జూలైలో దరఖాస్తులు ఆన్‌లైన్ అయ్యాయి. ఇప్పుడు ప్రజాప్రతినిధి లెటర్‌తో సహా కాయితాలన్నీ సైట్‌లో ఎక్కించాలి. కంప్యూటరు కాయితాన్ని తీసుకుంటుంది గానీ, ఆధార్ పక్కన సమ్మరీ పెట్టి వేలుతో అక్షరాలు సరిపోల్చే పని ఎవరో ఒకరు ఇంకా చేయాల్సిందే.

చెక్కుల దగ్గర ఆయన పనితనం ఇంకో తీరుగా ఉంటుంది. కళ్యాణలక్ష్మి, షాదీముబారక్ పెళ్లి సాయం పథకాలు 2014 అక్టోబర్ 2న 51 వేల రూపాయలతో మొదలయ్యాయి. 2018 నుంచి 1,00,116. మీసేవలో దరఖాస్తు, తహసీల్దారు విచారణ, ఎమ్మెల్యే సంతకం, ఆర్డీవో మంజూరు అన్నీ దాటి, పెళ్లికూతురి తల్లి పేరు మీద చెక్కు వస్తుంది. పంచేది ఎమ్మెల్యే చేతుల మీదుగా, సభ పెట్టి. సభకు సారుకు తీరిక కావాలి. అందాకా చెక్కులు కట్టగా ఉంటాయి. అందరూ ఆ కట్టను ఊళ్లవారీగా సర్దుతారు, పిలిచి ఇవ్వడానికి సులువని. అన్న సర్దేది చెక్కు మీది తారీఖుల వారీగా. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు చెల్లేది మూడు నెలలే. అంతకుముందు ఆరు నెలలుండేది. మూడు నెలల్లో ఒక నెల పైనుంచి కిందికి రావడంలోనే పోతుంది. బ్యాంకు ఖాతా లేని తల్లి ఖాతా తెరవడానికి ఇంకో పదిహేను రోజులు. అందుకే కట్టలో పైన ఉండేది ముందుగా చచ్చిపోయే చెక్కు. "చచ్చిపోయే" అన్నది ఆయన మాటే.

2023లో ఎండాకాలం నుంచే ఆయన సారు వెంటపడ్డాడు, సభ పెద్దది కాకున్నా సరే, మండలానికొకటి చిన్నగా పెట్టి పంచేద్దామని. "షెడ్యూలు ఎప్పుడొస్తదో నాకు తెల్వదు సార్. చెక్కు మీది తారీఖు తెలుసు" అని చెప్పాడట. అక్టోబర్ 9, సోమవారం ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఆ నిమిషం నుంచే కోడ్. సభలు, పంపకాలు బంద్. పోలింగ్ నవంబర్ 30న, లెక్కింపు డిసెంబర్ 3న. రాష్ట్రంలో పంచకుండా ఆగిపోయిన చెక్కుల గురించి ఆ తర్వాత ఎంత గొడవ జరిగిందో పేపర్లు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అన్న బీరువాలో ఆ రోజుకు మిగిలినవి రెండే రెండు చెక్కులు. ఒకామె దుబాయిలో ఉన్న కొడుకు దగ్గరికి పోయింది, ఇంకొకామెది పేరులో అచ్చుతప్పు పడి వాపసుకు పెట్టినది. వందల ఇండ్లలో ఆ డబ్బు సమయానికి అందింది. అందినవాళ్లెవరికీ దాని వెనుక ఒక మనిషి ఎండాకాలం నుంచి తారీఖులు లెక్కపెట్టుకున్నాడని తెలియదు. సభలో చెక్కు అందుకునే ఫొటోలో ఆయన ఉండడు. చెక్కులు వరుస తప్పకుండా వెనుక నుంచి అందించే చేయి మాత్రం ఒకటి రెండు ఫొటోల్లో మోచేతి దాకా పడింది.

మా వరంగల్ మట్టిలో పుట్టిన పెద్ద నాయకుడు పీవీ నరసింహారావు. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో 1921 జూన్ 28న పుట్టారు. ఆయనకు ఆంతరంగిక కార్యదర్శిగా ఉన్నది తెలుగువాడు కాదు, నాగపూర్ మనిషి రాం ఖాండేకర్. అంతకుముందు యశ్వంతరావు చవాన్ దగ్గర పనిచేసినవాడు. తన జ్ఞాపకాలను మరాఠీలో రాశాడు. పీవీ 1991 ఎన్నికల్లో పోటీ చేయలేదు, ఢిల్లీ వదిలిపోయే ఏర్పాట్లలో ఉన్నారు. మే 21న రాజీవ్ గాంధీ హత్య. సరిగ్గా నెలకు, జూన్ 21న, పీవీ ప్రధానమంత్రి. పెట్టెలు కడుతున్న ఇంటి ముందు దేశమంతా వచ్చి నిలబడ్డ ఆ నెల రోజులు పీఏ బల్ల దగ్గర ఎట్లా గడిచి ఉంటాయో ఊహించుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. అందులోనూ ఆ నాయకుడు మాట తక్కువ మనిషి. ఎక్కువ మాట్లాడే నాయకుడి పీఏ మాటలను వడకట్టుకుంటే చాలు. మౌనంగా ఉండే నాయకుడి పీఏ ఆ మౌనానికి అర్థం పెంచకుండా, తుంచకుండా అవతలివాడికి చెప్పాలి. గాంధీ దగ్గర 1917 నుంచి, ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో 1942 ఆగస్టు 15న ప్రాణం పోయేదాకా ఉన్న మహాదేవ్ దేశాయ్ డైరీలు ఇంకో కొస. అక్కడ నాయకుడు రోజంతా మాట్లాడుతూనే ఉంటాడు, ఈయన రాస్తూనే ఉంటాడు. రెండు కొసల్లోనూ పని ఒక్కటే: ఆయన మాట ఆయనదిగానే ఉండాలి.

మా ఊళ్ల వైపు ఇది ఎట్లా ఉంటుందంటే, అధికారికి ఫోన్ చేసి "సార్ చెప్పిండు" అనడం పీఏకు చాలా సులువు. అవతలివాడు లేచి నిలబడతాడు. సారు చెప్పకపోయినా సారు చెప్పినట్టే జరిగిపోతుంది. ఎవరు అడగబోతారు? ఆ మాటను అమ్ముకున్నవాళ్లు ఉన్నారు, ఉద్యోగాలు పెట్టిస్తామని లక్షలు తీసుకుని జైలుకు పోయినవాళ్లూ ఉన్నారు. అన్న ఫోన్లు పక్కన కూర్చుని వందల సార్లు విన్నాను. సారు నిజంగా చెప్తే "సార్ చెప్పిండు" అంటాడు. చెప్పకపోతే, "నేను అడుగుతున్న సార్, మీకు వీలైతే చూడుండ్రి" అంటాడు. ఈ తేడా ఎవరికి పట్టింది అనుకుంటాం. ఎస్సైకి పట్టింది, ఎంపీడీవోకు పట్టింది, ఏఈకి పట్టింది. ఒక తహసీల్దారు బదిలీ మీద పోతూ కొత్తగా వచ్చినాయనకు ఆఫీసు అప్పజెప్పేటప్పుడు, ఈయన "సార్ చెప్పిండు" అంటే నిజంగా చెప్పినట్టే అని కూడా చెప్పిపోయాడట. జీతం, గౌరవం అన్నీ పక్కన పెడితే, ఈ వృత్తిలో ఒక మనిషి సంపాదించుకోగల పెద్ద ఆస్తి అదేనని నాకు అనిపించింది.

శిలాఫలకాల మీద పేర్ల వరుస, వేదిక మీద కుర్చీల వరుస ఇవన్నీ ప్రోటోకాల్ పుస్తకంలో ఉంటాయి; అవి చూసి చేసేవి. చావు ఇంటికి పరామర్శకు పోవడం ఏ పుస్తకంలోనూ ఉండదు. బండి ఊరి పొలిమేర దాటకముందే అన్న వెనక్కి తిరిగి రెండు ముక్కలు చెప్తాడు: పోయిందెవరు, ముందర ఎవరి చేయి పట్టుకోవాలి. అంతకంటే ఎక్కువ చెప్పడు, ఎక్కువ చెప్తే నాయకుడి మొహంలో నేర్చుకున్నట్టు కనబడుతుందట. ఒకసారి చనిపోయినాయన పెద్ద కొడుకుకు, చిన్న కొడుకుకు మాటలు లేవు. ఇద్దరూ ఇంటికి రెండు పక్కల కూర్చున్నారు. ఎవరి దగ్గరికి ముందు పోయినా రెండోవాడికి కోపం. "తల్లి దగ్గరికి పోండి సార్, నేల మీద కూసోండి" అన్నాడు అన్న. సారు పోయి ఆమె ముందర నేల మీద కూర్చున్నాడు. కొడుకులిద్దరూ లేచి తల్లి దగ్గరికే వచ్చారు.

కాదని చెప్పడంలో కూడా ఆయన చేయి తిరిగినవాడే. డిగ్రీ చదివిన కొడుక్కు నౌకరీ పెట్టించమని వచ్చే తల్లులు రోజూ ఉంటారు. నలుగురిలో జవాబు చెప్పడు. పక్కకు తీసుకుపోయి, కూర్చోబెట్టి, మొదటి రోజే చెప్తాడు: "ఇది మా చేతుల లేదు బిడ్డా. పరీక్ష రాయాలె. ఎవరన్న పైసలు అడిగితే ఇయ్యకు, నాకు ఫోన్ చెయ్యి." కొందరు తిట్టుకుంటూ పోయేవారు. చూద్దాం అని ఆరు నెలలు తిప్పుకుంటే తిట్లు ఉండవు, నాయకుడికి మంచి పేరు కూడా నిలుస్తుంది కొన్నాళ్లు. ఆ ఆరు నెలల్లో ఆ పిల్లవాడు కోచింగ్‌కు పోకుండా సెంటర్‌లో తిరుగుతాడని అన్న దిగులు.

ఒకప్పుడు మా దగ్గర పీఏలంటే చాలామంది బడిపంతుళ్లే. అక్షరం గుండ్రంగా ఉంటుంది, ఏ ఇంటి పిల్లవాడు ఎవరో తెలుస్తుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తులు, ఎన్నికల పనులకు తప్ప టీచర్లను బడి బయటి పనులకు పెట్టొద్దంది. పిల్లల మేలు కోరి చేసిన మంచి మాట అది. పంతుళ్లు చేసిపోయిన పనిని నేర్పే బడి మాత్రం ఇప్పటికీ ఎక్కడా లేదు. కుర్రవాళ్లు నాయకుడి వెంట తిరిగి, ఫేస్‌బుక్ పేజీ నడిపి పీఏలవుతున్నారు. అన్న దగ్గర ఏడాది కూర్చుంటే వాళ్లకెంత వచ్చేదో అనుకుంటాను.

ఈ వ్యాసం రాస్తానని చెప్పి, పోయిన నెల ఆ రిజిస్టర్లు ఒకసారి చూపించమని అడిగాను. అటక మీది నుంచి దించాడు, ఏడాదికొకటి, అట్టల మీద సంవత్సరాలు రాసి ఉన్నాయి. ఒకటి తెరిచి బల్ల మీద పెట్టాడు గానీ, రెండో గడి మీద, మనుషుల పేర్లున్న చోట, ఒక పొడుగాటి అట్టముక్కను నిలువుగా పెట్టి వేళ్లతో అదిమిపట్టాడు. పేజీలు తిప్పినప్పుడల్లా అట్టముక్కను కూడా జరిపాడు. తారీఖులు, పనులు, నాలుగో గడి అన్నీ చదివాను. ఒక్క పేరూ చదవలేదు. ఒక పేజీ దగ్గర మాత్రం ఆగి, ఒక వరుస వరకు అట్టముక్కను కిందికి జరిపాడు. మా నాయిన పేరు. పని గడిలో సహాయ నిధి అని ఉంది. నాలుగో గడిలో మూడు తారీఖులు కొట్టేసి ఉన్నాయి. నాలుగోది చెక్కు వచ్చిన తర్వాతి నెలది. దాని పక్కన చిన్న అక్షరాలతో "మందులు వేసుకుంటున్నడా, అడగాలె" అని ఉంది, దాని మీద పెన్సిలు చుక్క.